చీపురుపల్లిలో మా ఇంటిపేరు వాళ్లు ఒక్కరూ లేరు, సొంతూరు ఎలా తెలుస్తుంది?

నాన్నకూతురు: పొద్దున్నుంచి కంప్యూటర్ ముందే ఉన్నాను, ఏమీ దొరకలేదు. మా ఇంటిపేరు చీపురుపల్లి. ముత్తాతగారు ఓడెక్కి వెళ్లి, పదేళ్లకు తిరిగొచ్చి విశాఖలో స్థిరపడ్డారు. సొంతూరికి మాత్రం మళ్లీ వెళ్లలేదట. నాన్నగారికి 84 ఏళ్లు. ఆ ఊరి అమ్మవారికి ఒక్కసారి చీర పెట్టి రావాలని ఆయన కోరిక. పోయిన వారం చీపురుపల్లి వెళ్లి రెండు రోజులు తిరిగాను. ఎవరిని అడిగినా "ఆ ఇంటిపేరు వాళ్లు ఇక్కడ లేరమ్మా" అన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎక్కడ వెతకాలి?

పాతదస్త్రం: ఏ దేశం? ఏ ఏడు? కాగితం ఏమైనా ఉందా?

ఊళ్లపేర్లు: అమ్మా, చీపురుపల్లిలో చీపురుపల్లి వారు దొరకడం కష్టం. ఊళ్లో అందరిదీ అదే ఊరైనప్పుడు ఆ పేరుతో ఎవరిని గుర్తుపడతారు? ఆ ఊరు వదిలి ఇంకోచోట కాపురం పెట్టాకే జనం "చీపురుపల్లి వాళ్లు" అని పిలుస్తారు. అది ఎన్ని తరాల కిందటిదో చెప్పలేం. కాబట్టి మీ ముత్తాతగారు బయల్దేరిన ఊరు మరొకటి అయి ఉంటుంది. పైగా ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనిపిస్తుంది, వాళ్లంతా చుట్టాలు కారు. ఈమధ్య నాయుడు, రెడ్డి కూడా ఇంటిపేర్లే అంటున్నారు. అవి పేరు చివర చేర్చేవి. ఈ తేడా పిల్లలకు ఇప్పుడే నేర్పాలి.

గోత్రనామం: ఇంటిపేరు కన్నా గోత్రం గట్టిది. పూర్వం పిచ్చుకుంట్లవారు వచ్చి ఇంటిపేరు, గోత్రం, వంశం కథ అన్నీ చెప్పేవారు. వాళ్లను అడగండి.

ఊళ్లపేర్లు: వంశరాజులు అనండి. ఆ పాత మాట వాళ్లను నొప్పిస్తుంది.

గోత్రనామం: మా పెద్దలు అన్న మాటే అన్నాను. కించపరచాలని కాదు.

కాందిశీకుడి మనవడు: ఆ వైపు ఓడెక్కారంటే బర్మాలోని రంగూనే. మా తాతగారూ అంతే, 1942లో జపాన్ వాళ్లు బర్మా మీద పడినప్పుడు అరకాన్ కొండల మీదుగా నడిచొచ్చారు. మనవాళ్లు ఎక్కువగా కూలీలను కూడగట్టి తీసుకెళ్లే మేస్త్రీల వెంట వెళ్లేవారు, మనిషికో నంబరు ఉండేది కాదు. కష్టం అమ్మా.

నాన్నకూతురు: రంగూన్ కాదండి, దక్షిణాఫ్రికాలోని నేటాల్. మొదట రాయలేదా? మా ఇంట్లో అందరికీ తెలిసిందే కదా, రాసేశాననుకున్నాను. ట్రంకుపెట్టెలో చిరిగిన కాగితం ఒకటి ఉంది. దాని మీద ఐదంకెల నంబరు, 1897 అని ఉన్నాయి. ఏదో రసీదు నంబరేమో అని పట్టించుకోలేదు.

పాతదస్త్రం: అది మొదటే చెప్పాల్సింది. అది మనిషి నంబరు అయి ఉంటుంది. ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది మొదలు 1911 దాకా కూలి ఒప్పందం మీద నేటాల్ వెళ్లిన 1,52,184 మందికి ఒక్కో నంబరు ఇచ్చారు. దాని ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాశారు. ఇంటిపేరుకు గడి లేదు. ఇంటిపేరుతో ఏడాది వెతికినా ఇంతే. డర్బన్‌లో క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయం వారి గాంధీ-లుతూలీ కేంద్రంలో ఓడల జాబితాలు ఉన్నాయి. నంబరు రాసి పంపండి.

జిల్లా పేరు చూసి ఇప్పటి జిల్లాలో వెతక్కండి. శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లా. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. ఊరి పేరు దొర చెవికి ఎలా వినబడితే అలా ఉంటుంది, పైకి చదివితే తెలుస్తుంది. చికాకోల్ అంటే శ్రీకాకుళమే.

గోత్రనామం: ఊరు దొరికినా గోత్రం కలవాలి. లేకపోతే మనవాళ్లని ఎలా నమ్ముతాం?

ఊళ్లపేర్లు: ఒకే గోత్రం వాళ్లు రాష్ట్రమంతా ఉన్నారు. గోత్రంతో ఊరు తేలదండి. నేను అంటున్నది అదే.

నాన్నకూతురు: నంబరు పంపించాను. పుష్కరాల్లో పిండం పెట్టేటప్పుడు మూడు తరాల పేర్లు అడిగితే నాన్నగారు రెండే చెప్పేవారు. ఆ జాబితాలో ముత్తాతగారి తండ్రి పేరు ఉంటుందని చెబితే కాగితం మళ్లీ తెప్పించుకుని చూశారు. థాంక్స్ అండి.

కాందిశీకుడి మనవడు: బర్మా వైపు ఇలాంటి జాబితా ఏదైనా ఉంటే నాకూ చెప్పండి.