‘నరవర’ పూరణమా, పిలుపా?

ఛాయ: తిక్కన గారి ‘ఒరులేయవి యొనరించిన’ పద్యం కొన్నాళ్ళుగా నాలుక మీద ఆడుతోంది. ఇతరులు ఏం చేస్తే మన మనసుకు అప్రియమో, దాన్ని మనం ఇతరులకు చేయకపోవడమే పరమధర్మం అంటుందది. మూడో పాదం ‘నొరులకు నవి సేయకుండుట’ దగ్గర తడబడుతున్నాను. అసలు సందేహం వేరే. ‘తన మనంబునకు’ అప్రియమైనదే కొలత అయితే, ఈ ధర్మం కర్తవ్యం మీద నిలిచిందా, నా ఇష్టాయిష్టాల మీదా? జర్మన్ తత్త్వవేత్త కాంట్‌ను చదువుతుంటే పట్టుకున్న చిక్కు ఇది.

యతిమైత్రి: ‘సేయకునికి’ అండీ. ‘సేయకుండుట’ అంటే ‘యకుండు’ జగణమై (లఘువు, గురువు, లఘువు) కూర్చుంటుంది. ఇది కందపద్యం. కందంలో బేసి గణంగా జగణమా, అదీ తిక్కన చేతిలో! పైగా ‘ట’ మిగిలిపోతుంది. పనిలో పనిగా, నాలుగో పాదం ‘పరాయణము’. దాన్ని ‘పారాయణము’ అని చదివేవారున్నారు. గణం చెడుతుంది, ప్రాసకు ముందక్షరం గురువైపోతుంది.

హేతువు: కాంట్ ఈ సూత్రాన్ని పెద్దగా లెక్కచేయలేదు. 1785 నాటి గ్రంథంలో, మనిషిని ఎన్నడూ కేవలం సాధనంగా వాడరాదన్న చోటే, అడుగున ఒక చిన్న సూచికలో దీన్ని పక్కకు నెట్టేశాడు. ‘మీకు శిక్ష పడితే ఇష్టమా? మరి నాకెందుకు వేస్తారు?’ అని నేరస్థుడు న్యాయమూర్తిని నిలదీయవచ్చునట. ‘నాకు ఎవరి సాయమూ వద్దు, నేనూ ఎవరికీ చేయను’ అనేవాడికీ ఈ సూత్రం అడ్డు చెప్పదు.

తాళపత్రం: అందుకే రెండో పాదంలోని ‘నరవర’ (ఓ రాజా) దగ్గర ఆగాలి. ఈ మాట దండం చేతిలో ఉన్న రాజుతో చెప్పినది. శిక్షించడం ఆయన పని. దొంగను వదిలేయమని అలాంటివాడికి ఎవరైనా బోధిస్తారా? కాంట్ ఆక్షేపణకు సమాధానం ఆ సంబోధనలోనే ఉంది.

యతిమైత్రి: అక్కడ ఉన్నది ప్రాస. ఒరు, నర, నొరు, పరా. రెండో అక్షరం రేఫ (ర) కావాలి, నాలుగు లఘువులు కావాలి, ‘నరవర’ దొరికింది. ఛందస్సు నింపడానికి వేసిన పూరణం. అందులో దండనీతి వెతకడం మీ ఓపిక.

తాళపత్రం: పదిహేను పర్వాలు నడిపినవాడికి రేఫ ఉన్న మాటలు కరువా? మనుమసిద్ధి కొలువులో మంత్రి కూడాను. రాజును ఊరకే పిలవడు. విరాటపర్వంలో ద్రౌపది నోట సంబోధనలు ఎలా పదునెక్కుతాయో చూసినవారు ‘పూరణం’ అనడానికి జంకుతారు.

హేతువు: ద్రౌపదిని కాసేపు వదలండి. శిక్ష గురించి కాంట్ 1797లో విడిగా తేల్చాడు. నేరస్థుడి బాగు కోసమో, సంఘం బాగు కోసమో మాత్రమే శిక్షించకూడదు. అలా చేస్తే అతన్ని వస్తువుగా వాడుకున్నట్టే. నేరం చేశాడు కనుకనే శిక్ష. దొంగ కూడా మనిషేనన్న మర్యాద అందులో ఉంది. పద్యంలో ఆ మెట్టు నాకు కనబడలేదు.

ఛాయ: ‘తన మనంబు’ సంగతి?

నిశాపతి: నన్నడిగితే కీలకం ‘ఉనికి’. ‘చేయకుండుట’ ఒక పనిని మానడం. ‘సేయకునికి’ మనిషి ఉండే తీరు. అది ఇష్టం మీద ఆధారపడదు.

యతిమైత్రి: ‘ఉనికి’ అంటే ‘ఉండుట’ అనే. తత్త్వం కోసం వ్యాకరణాన్ని వంచకండి.

నిశాపతి: వంచలేదు, విన్నాను. సరే, సాయం మాటకొస్తే ఆ లోటు గురజాడ తీర్చాడు: ‘సొంత లాభం కొంత మానుకు పొరుగువానికి తోడుపడవోయ్’. ‘కొంత’ అన్నాడు, ‘అంతా’ అనలేదు. సాయం తప్పనిసరి, ఎంత అన్నది మన విచక్షణ. కాంట్ కూడా పరోపకారాన్ని ఇలా వెసులుబాటు ఉన్న కర్తవ్యంగానే లెక్కించాడు.

యతిమైత్రి: ‘సొంత’ పక్కన ‘కొంత’ వచ్చిందండీ, అంతే.

తాళపత్రం: గురజాడను కూడా పూరణాల్లో కలిపేశారా!