కాలేయ నాళాల్లో రాళ్లు: ఆ భాగం కోయించాలా, రాళ్లు మాత్రం తీయించాలా?

గాజువాక వాసి:
మా అన్నయ్యకు ఏడాదిలో 3 సార్లు వణుకుతో జ్వరం, కామెర్లు వచ్చాయి. పైత్యరస నాళాలను చూపే ఎమ్మార్‌సీపీ స్కాన్‌లో కాలేయం ఎడమవైపు నాళాల నిండా రాళ్లు కనిపించాయి. ఒక డాక్టరు గారు కాలేయం ఎడమ కొసభాగాన్ని కోసి తీసేయాలన్నారు. ఇంకొకరు చర్మం గుండా దారి చేసి, సన్నని కెమెరా గొట్టంతో రాళ్లు పగలగొట్టి తీయవచ్చన్నారు. రాళ్ల కోసం కాలేయాన్నే కోయించుకోవడం సబబేనా?

విశ్రాంత నర్సు, మద్దిలపాలెం:
ఆపరేషన్ థియేటరులో ఈ రాళ్లను చాలాసార్లు చూశాను. ముదురు గోధుమరంగులో, తడి మట్టిబెడ్డల్లా ఉండి, వేళ్ల మధ్య నలిపితే చితికిపోతాయి. పైత్యరసం నిలిచిపోయి, అందులో సూక్ష్మజీవులు చేరినచోట ఇవి పుడతాయి. ఎడమ నాళం వంపు తిరిగి కలుస్తుంది కాబట్టి అటువైపే ఎక్కువగా కనబడతాయి. నాళం ఇరుకుపడి ఉంటే, రాళ్లన్నీ ఏరేసినా ఆ ఇరుకు వెనుక మళ్లీ రసం నిలుస్తుంది, మళ్లీ రాళ్లు కడతాయి. కాలేయాన్ని 8 భాగాలుగా లెక్కిస్తారు; ఎడమ కొసనుండే 2, 3 భాగాలు ఎండి కుంచించుకుపోతే వాటిని ఉంచుకొని లాభం లేదు. పైగా ఏళ్ల తరబడి రాళ్లున్న నాళాల్లో క్యాన్సర్ వచ్చే ముప్పు కూడా ఉంటుంది. నేనైతే కోతకే ఓటు వేస్తాను.

సీతమ్మధార నుంచి:
నర్సమ్మ గారి మాట ఒకవైపే రాళ్లున్నవారికి సరిపోతుంది. మా నాన్నగారికి రెండువైపులా ఉన్నాయి, కోయడానికి వీలే లేకపోయింది. పక్కటెముకల సందున గొట్టం వేసి, దారి గట్టిపడ్డాక, 4 విడతల్లో తీశారు. గొట్టంలోంచి వచ్చే రసం పట్టే సంచి నడుముకు వేలాడుతుంటే పడుకోవడమే కష్టమైంది, కానీ కాలేయం దక్కింది. కోత తరువాత పైత్యరసం కారడం, చీము పట్టడం వంటివి కూడా ఉంటాయని మరువకండి.

విశ్రాంత నర్సు, మద్దిలపాలెం:
నిజమే, రెండువైపులా ఉంటే నా మాట చెల్లదు. బాబూ, రిపోర్టులో ఎడమ భాగం కుంచించుకుపోయిందని ఉందా? కుడివైపు నాళాలు శుభ్రంగా ఉన్నాయా?

గాజువాక వాసి:
ఫిల్మును కిటికీకి ఆనించి, రిపోర్టు పక్కన పెట్టుకొని చూశానమ్మా. ఎడమ కొస కుంచించుకుపోయిందనీ, నాళం ఒకచోట ఇరుకై, దాని వెనుక ఉబ్బిందనీ రాశారు. కుడివైపు రాళ్లు లేవట. సోమవారం కోత చెప్పిన డాక్టరు గారి దగ్గరికే వెళ్తున్నాం.