బాబాయి శాండ్ స్కార్చర్ అమ్మాలి, ఎంత అడగాలో అర్థం కావడం లేదు

పాతపెట్టె:

నమస్కారం అండీ. ఇక్కడ నేను కొత్త. ఆర్‌సీ కార్ల గురించి, అంటే రిమోట్‌తో నడిపే బొమ్మ కార్ల గురించి, నాకు తెలిసింది సున్నా.

మా బాబాయి పోయిన ఏడాది కాలం చేశారు. పెళ్లి చేసుకోలేదు, అందుకని సామాను సర్దే పని నా మీద పడింది. అటక మీద పాత దుప్పట్లో చుట్టి ఒక పెద్ద అట్టపెట్టె దొరికింది. మూత మీద ఇసుకలో దూసుకుపోతున్న ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ బొమ్మ, పక్కన టామియా అనే జపాన్ కంపెనీ రెండు నక్షత్రాల గుర్తు, శాండ్ స్కార్చర్ అని పేరు.

లోపల బిగించిన కారే ఉంది. బాడీకి బాబాయి కుంచెతో ఆకుపచ్చ రంగు వేశారు, గీతలు కనిపిస్తున్నాయి. డ్రైవర్ బొమ్మకి మీసం కూడా పెట్టారు, అచ్చం ఆయన మీసమే. ముందు ఎడమ టైరు పగిలింది, మిగతా వాటి మీద సన్నటి గీతలు. మడ్‌గార్డు మూల విరిగింది కానీ ఆ ముక్కని ఫొటో రీలు డబ్బాలో వేసి దాచారు. అసెంబ్లీ పుస్తకం ఉంది, పేజీల నిండా గ్రీజు వేలిముద్రలు. పొడవాటి యాంటెన్నా ఉన్న రిమోట్ ఉంది, దాని బ్యాటరీలు లోపలే కారిపోయి తెల్లగా పేరుకున్నాయి.

నెట్‌లో చూస్తే ఇదే పేరుతో ఒకడు ఒక రేటు, ఇంకొకడు దానికి ఎనిమిదింతలు చెప్తున్నాడు. ఒకచోట ఫొటో పెట్టిన పది నిమిషాలకే ఒకాయన మెసేజ్ చేశారు, "పాత బొమ్మ, నడవదు, అయినా తీసుకుంటా, ఇవాళే డబ్బు పంపిస్తా" అని. అంత తొందర చూసి నాకే అనుమానం వచ్చింది.

దీనికి విలువ ఎలా కట్టాలి? అమ్మే ముందు కడిగి, టైర్లు మార్చి, రంగు వేయించాలా?

చక్రం:

అన్నా, నడిచే బండికే రేటు. బాగా కడుగు, కొత్త టైర్లు వెయ్, రంగు కొట్టించు, కొత్త లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెట్టి పరిగెత్తించి వీడియో తియ్. వెంటనే పోతుంది.

గేర్‌బాక్స్ మామయ్య:

పాతపెట్టె గారూ, పై సలహాలో ఒక్కటి కూడా పాటించకండి. చక్రం తమ్ముడూ, నీ మీద కోపం కాదు. ఈ తప్పు నేను స్వయంగా చేసి ఏడ్చినవాణ్ణి.

నా దగ్గర ఒకప్పుడు 1984 నాటి టీమ్ అసోసియేటెడ్ కంపెనీ ఆర్‌సీ10 కారు ఉండేది. దాని చాసిస్, అంటే అడుగు చట్రం, అల్యూమినియం; పైన బంగారు రంగు యానోడైజింగ్ పూత. దాని పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఆ బంగారు రంగే. అమ్మే ముందు తళతళలాడాలని జిడ్డు మీద ఓవెన్ క్లీనర్ కొట్టాను. రెండు నిమిషాల్లో జిడ్డు పోయింది. దాంతో పాటు బంగారమూ పోయింది. అందులో ఉండే క్షారం ఆ పై పొరని తినేస్తుందని తర్వాత తెలిసింది. చేతిలో వెండి రంగు రేకు మిగిలింది. కొంటానన్నాయన ఫొటో చూసి మళ్లీ జవాబు ఇవ్వలేదు. ఆ రేకు ఇప్పటికీ నా బల్ల మీద స్క్రూలు పోసుకునే పళ్లెంగా ఉంది.

ఇక మీ కారు సంగతి. మొదట చూడాల్సింది కారుని కాదు, నంబర్ని. టామియా కిట్‌కి, అంటే మనమే బిగించుకోవాల్సిన విడిభాగాల పెట్టెకి, ఐటెమ్ నంబర్ ఉంటుంది, పెట్టె మీదా పుస్తకం మీదా చూడండి. 58016 అయితే 1979లో వచ్చిన అసలు శాండ్ స్కార్చర్. 58452 అయితే 2010లో టామియానే మళ్లీ విడుదల చేసినది. రెండూ నిజమైన టామియాలే, నకిలీ కాదు. కానీ రేటులో ఏనుగుకీ ఎలుకకీ ఉన్నంత తేడా. మీరు చూసిన ఎనిమిదింతల తేడాలో సగం మర్మం ఇదే. అమ్మేవాళ్లలో చాలామందికి తమ దగ్గర ఉన్నది ఏదో తెలియదు, కొందరు తెలిసీ చెప్పరు.

దీని మీద జనానికి ఇంత పిచ్చి ఎందుకంటే, టామియా మొదటి ఆర్‌సీ కారు 1976 నాటి పోర్షే 934, చదును నేల మీద నడిచే బండి. మట్టిలో ఇసుకలో పరిగెత్తే బగ్గీలు 1979లో వచ్చాయి: రఫ్ రైడర్, ఈ శాండ్ స్కార్చర్. రెండింటికీ కింద చాసిస్ ఒక్కటే. వెనక గేర్‌బాక్స్ పోత అల్యూమినియం, ముందు సస్పెన్షన్ అసలు బీటిల్‌లో ఉన్నట్టే ట్రెయిలింగ్ ఆర్మ్‌లు (చక్రాన్ని పట్టుకునే చేతులు), టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు). రేడియో సామానంతా నీళ్లు చొరబడకుండా ఒక ప్లాస్టిక్ డబ్బాలో. చేత్తో పట్టుకుంటే బొమ్మలా ఉండదు, యంత్రంలా ఉంటుంది.

రీరిలీజ్ వచ్చాక మార్కెట్ రెండుగా చీలింది. నడుపుకునేవాడు కొత్తది కొనుక్కుంటాడు, పాత కారు వాడికి అక్కర్లేదు. మీ దానికి వచ్చేవాడు దాచుకునేవాడే. అతనికి కావాల్సింది పరుగు కాదు, 1979లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ముక్కలు. కొత్త టైరు వేస్తే అతని దృష్టిలో మీరు ఒక ముక్క తగ్గించినట్టే. పగిలిన పాత టైరే ఉంచండి.

ఒక తిరకాసు కూడా ఉంది. పాత కారుకీ కొత్త కారుకీ చాలా భాగాలు సరిపోతాయి. అందుకని పాత పెట్టెలో కొత్త భాగాలు, కొత్త పెట్టెలో పాత భాగాలు కలిసిన బళ్లు తిరుగుతున్నాయి. పెట్టె మీద 58016 ఉన్నంత మాత్రాన లోపలిదంతా పాతదే అని రాయకండి. పుస్తకంలోని భాగాల పట్టిక ముందు పెట్టుకుని ఒక్కొక్కటి సరిచూడండి. మీ బాబాయి అటక మీంచి దించనే లేదంటే మీకు ఆ బెడద తక్కువ.

రంగు జోలికి వెళ్లకండి. కుంచె గీతలున్న రంగుని కొనేవాడు క్షమిస్తాడు. తీయబోయి బ్రేక్ ఆయిల్ లాంటిది పూస్తే పాత ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, అది క్షమించడు. దుమ్ముకి మెత్తటి పొడి కుంచె చాలు, నీళ్లు వద్దు. గేర్‌బాక్స్ మీద తెల్లటి పొడి ఉన్నా పాలిష్ పట్టకండి.

స్క్రూలు విప్పాల్సి వస్తే జాగ్రత్త. ఇవి జపాన్ ప్రమాణం స్క్రూలు, చూడ్డానికి మామూలు ఫిలిప్స్‌లాగే ఉంటాయి కానీ ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తలలు అరిగిపోతాయి. తలలు అరగని స్క్రూలు చూస్తే కొనేవాడికి ధైర్యం, ఈ కారుని ఎవరూ కెలకలేదని.

లైపో పెట్టి నడపడం అసలొద్దు. ఈ కారులో స్పీడ్ కంట్రోలర్ మెకానికల్, లైపో మరీ డిశ్చార్జ్ అవకుండా ఆపే ఏర్పాటు అందులో ఉండదు. పైగా ఇన్నేళ్ల గ్రీజు ఎండి బంక అయ్యుంటుంది. నడిపి చూపించి మీకు ఒరిగేదేమీ లేదు. రిమోట్‌లో కారిన బ్యాటరీలు మాత్రం ఇవాళే తీసెయ్యండి, గ్లౌజులు వేసుకుని.

ఆ తొందర మనిషికి ఇప్పుడే మాటివ్వకండి. "నంబర్ చూసి చెప్తా" అనండి, ఏమంటారో వినండి.

పాతపెట్టె:

మామయ్య గారూ, చేతులు వణుకుతూ చూశాను. పెట్టె మీదా పుస్తకం మీదా 58016 ఉంది!

భాగాల పట్టిక ముందేసుకుని రెండు సాయంత్రాలు కూర్చున్నాను. లేనిది ఒక్కటే, ఒక చిన్న రబ్బరు తొడుగు. స్టిక్కర్ షీట్‌లో సగం వాడలేదు, అంచులు పసుపెక్కాయి. కారు తిరగేస్తే అడుగున బోలెడు గీతలు. బాబాయి దాచిపెట్టుకోలేదన్నమాట, తెగ తిప్పారు. ఎప్పుడు తిప్పారో, ఎవరితో తిప్పారో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ తొందరాయనకి నంబర్ చెప్పాను. ఐదు నిమిషాల్లో తను చెప్పిన రేటుని రెట్టింపు చేశారు. ఇంకా టెన్షన్ పెరిగింది నాకు.

గేర్‌బాక్స్ మామయ్య:

అడక్కుండానే రెట్టింపు చేశాడంటే మొదట సగం కూడా చెప్పలేదన్నమాట. వదిలెయ్యండి.

ఇక రేటు. అడుగుతున్న ధరలు చూడకండి, అవి కలలు. ఏళ్ల తరబడి అమ్ముడుపోక కూర్చున్నవి కూడా అందులోనే ఉంటాయి. ఈబే లాంటి చోట 'అమ్ముడైనవి' అని విడిగా చూడొచ్చు. అక్కడ 58016 మాత్రమే ఏరండి. గత కొన్ని నెలల్లో ఓ ఐదారు దొరికితే అదృష్టం. ఒక్కోదాని ఫొటోలు మీ కారు పక్కన పెట్టి చూడండి: బిగించని కిట్టా, బిగించి అలమారలో పెట్టినదా, మీదాంట్లా తిప్పినదా. బిగించని కిట్ ధర చూసి ఆశపడకండి, అది వేరే లోకం. సీలు విప్పని కవర్ల కోసం కొనేవాళ్లు మీ కారు వైపు చూడరు. తిప్పిన కార్లలో పెట్టె, పుస్తకం రెండూ ఉన్నవి ఎంతకు పోయాయో చూడండి. మీ మెట్టు అది. బాగా ఎక్కువకు పోయిన ఒక్కటుంటే పక్కన పెట్టండి, ఆ రోజు ఇద్దరు పంతానికి పోయి ఉంటారు.

విడదీసి అమ్మితే ఎక్కువ వస్తుందని ఎవరో ఒకరు చెప్తారు. నిజమే, పాత చక్రాలు, స్టిక్కర్ షీట్, పుస్తకం విడివిడిగా పోతాయి. కానీ ఇరవై పార్శిళ్లు కట్టాలి, చివరికి ఎవరూ కొనని చాసిస్ ముక్క మీ దగ్గరే ఉంటుంది. దాదాపు పూర్తిగా ఉన్న కారుని చీల్చడం నాకైతే ఇష్టం లేదు. ఇది లెక్క కాదు, నా చాదస్తం.

ప్రకటనలో లోపాలే ముందు రాయండి. టైరు పగులు, మడ్‌గార్డు ముక్క, అడుగు గీతలు, లేని తొడుగు, అన్నిటికీ పగటి వెలుగులో దగ్గరి ఫొటోలు. "అటక మీద దొరికింది, నాకు దీని గురించి తెలియదు" అని మాత్రం రాయకండి. ఆ మాట చూస్తే తొందర మనుషులు గుంపుగా వస్తారు.

పార్శిల్ రాజు:

మామయ్య ప్యాకింగ్ మర్చిపోయారు. కిట్ పెట్టె కూడా సరుకే, దాని మీద టేపు వెయ్యొద్దు, అడ్రస్ అంటించొద్దు. కారు ఆ పెట్టెలో కాకుండా విడిగా చుట్టి, చాసిస్ కింద ఫోమ్ దిమ్మ పెట్టండి. బరువు టైర్ల మీద, సస్పెన్షన్ మీద పడకూడదు. రెండిటినీ కలిపి ఇంకో గట్టి పెట్టెలో, చుట్టూ నాలుగు వేళ్ల మందం ఖాళీ వదిలి నింపండి. విరిగిన ముక్క డబ్బాని అలాగే వెయ్యండి, కొనేవాడు సంతోషిస్తాడు.

పంపేముందు చాసిస్ లోపలి వైపు ఉన్న గీతలు, మరకలు దగ్గరగా ఫొటో తీసి ఉంచుకోండి. మంచి భాగాలు మార్చేసుకుని "బాగోలేదు" అని కారుని తిప్పి పంపే పెద్దమనుషులున్నారు, నాకొకసారి తగిలాడు. వేరే దేశానికి వెళ్తుంటే 'గిఫ్ట్ అని రాయండి' అంటారు, ఒప్పుకోకండి. తక్కువ విలువ రాసిన పార్శిల్ పోతే ఇన్సూరెన్స్ కూడా అంతే ఇస్తుంది.

పాతపెట్టె:

ఒక్క సందేహం. డ్రైవర్ బొమ్మని నేను ఉంచుకోవచ్చా? ఆ మీసం...

గేర్‌బాక్స్ మామయ్య:

ఉంచుకోండి. రీరిలీజ్ బొమ్మ విడిగా దొరికితే కొని కారులో పెట్టి, 'డ్రైవర్ అసలుది కాదు' అని ఒక వాక్యం రాయండి. ధర కొంచెం తగ్గుతుంది. ఆ కొంచెం కోసం బాబాయిని పార్శిల్ కట్టకండి.

పాతపెట్టె:

మూడు వారాల తర్వాత చెప్తున్నాను. అమ్ముడైంది. వేలం పెట్టలేదు, మామయ్య చెప్పినట్టు ఐదు అమ్మకాలు చూసి మధ్యలో ఉన్న రేటు పెట్టాను. మొదటి వారం ఒక్క మెసేజ్ రాలేదు, తగ్గిద్దామనుకున్నాను, ఆగాను. రెండో వారంలో ఒకాయన అడుగు గీతల ఫొటోలు ఇంకా కావాలన్నారు. పదకొండు ఫొటోలు పంపాను, బేరం ఆడకుండా కొన్నారు. తొందరాయన చివరిగా చెప్పిన దానికి రెండున్నర రెట్లు వచ్చింది.

కారు చేరాక ఒకే ప్రశ్న అడిగారు, పాత డ్రైవర్ ఎక్కడ అని. నా దగ్గరే ఉందన్నాను. "అర్థమైంది" అని రాశారు.

రిమోట్ ఆయనకి అక్కర్లేదన్నారు. బ్యాటరీ గూడు పాడైంది కానీ 27 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ జత (రిమోట్‌కీ కారుకీ రేడియో ఫ్రీక్వెన్సీ కుదిర్చే చిన్న ముక్కలు) బాగానే ఉన్నట్టుంది. ఎవరికైనా పనికొస్తే ఇక్కడే చెప్పండి, పోస్టు ఖర్చు ఇస్తే చాలు.