కిరిబాతి సముద్రంలో సూర చేప: లైసెన్సు సొమ్మా, ఇంట్లో కూరా?

తీరవాసి:
పసిఫిక్ సముద్రంలోని దీవుల దేశం కిరిబాతి (రాయడమే ఇలా, పలకడం కిరిబాస్). దాని నేలంతా కలిపినా 811 చదరపు కిలోమీటర్లు. దాని హక్కున్న సముద్రం దాదాపు 35 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశం కంటే పెద్దది. ఆ నీళ్ల నిండా మన విశాఖ వాళ్లు సూర అనే ట్యూనా. అయినా రాజధాని తరావాలో పొయ్యి మీదకెక్కేది దిగుమతి బియ్యం, మైదా, చక్కెర, డబ్బా మాంసం. మధుమేహం ప్రపంచంలోనే బాగా ఎక్కువున్న దేశాల్లో ఇదొకటి. లైసెన్సు డబ్బు కట్టి వేటాడే విదేశీ ఓడలు పట్టినదాంట్లో కొంత అక్కడే దింపాలని షరతు పెట్టడానికి ఏమిటి అడ్డు? నాకైతే ఇది అన్యాయంగా కనిపిస్తోంది.

లెక్కల పుస్తకం:
తీరవాసి గారూ, మీ బాధ అర్థమైంది గానీ ఆ లైసెన్సు డబ్బును తేలిగ్గా తీసెయ్యకండి. ఒకప్పుడు ఓడల కంపెనీలు ఒక్కో దీవితో విడివిడిగా బేరమాడి చౌకగా లాక్కునేవి. నౌరూ ఒప్పందం (సూర వేట మీద పసిఫిక్ దీవుల దేశాల ఒప్పందం) లోని 8 దేశాలు ఒక్కటై, 2007 నుంచి వేట రోజులను లెక్కగట్టి అమ్మడం మొదలుపెట్టాయి. ఒక పెద్ద వల ఓడ ఒక్క రోజు వేటకు కనీస ధర ఇప్పుడు 8,000 అమెరికా డాలర్లు. కిరిబాతి ప్రభుత్వ రాబడిలో సగానికి మించి దీని నుంచే. బయటి దీవుల్లో ఎండు కొబ్బరికి 2016లో కిలో 2 ఆస్ట్రేలియా డాలర్లకు పెంచిన ధర కూడా ఖజానా ఇచ్చిందే. షరతులు బిగిస్తే ఓడలు పక్క దేశం రోజులు కొనుక్కుంటాయి. అప్పుడు ఆసుపత్రిలో మందులకు డబ్బెక్కడిది?

ఓడ ఇంజనీరు:
కళ్లారా చూసింది చెప్తాను. చేపలు మోసే శీతల ఓడ మీద పనిచేసేటప్పుడు తరావా దగ్గర లంగరేశాం. వేట ఓడ పక్కకొచ్చి ఆనుకుంది. క్రేన్ వలతో సూర చేపల్ని ఎత్తి మా గోదాంలో వదులుతుంటే రాళ్లు దొర్లినట్టు చప్పుడు. గడ్డకట్టి ఇనుములా ఉంటాయి. అవి నేరుగా డబ్బాల ఫ్యాక్టరీలకు. డబ్బాకు పనికిరాదని పక్కన పెట్టినవి తీసుకోడానికి చిన్న పడవల్లో జనం వచ్చారు. ఒకటి వండి చూశాం. ఉప్పునీళ్లలో గడ్డకట్టించిన చేప కదా, నోట పెట్టలేకపోయాం. ఒడ్డున రోడ్డు పక్కన ఆడవాళ్లు ఐసు పెట్టెల్లో తాజా చేప అమ్ముతున్నారు, అది మధ్యాహ్నానికే అయిపోయింది. ఎదురుగా కొట్లో బియ్యం బస్తాలు, చేపల డబ్బాలు పేర్చి ఉన్నాయి. తీరవాసి గారూ, ఓడలు దింపే చేప అంటే ఎక్కువగా ఆ ఉప్పు చేపే. రక్తపోటున్న ఊరికి అది మేలు చేస్తుందా?

పోషకాహారం అమ్మ:
ఇంజనీరు గారు మంచి మాట గుర్తుచేశారు. నా ఉద్దేశంలో మీ ఇద్దరి వాదన అసలు చోటు వదిలి జరుగుతోంది. బయటి దీవుల్లో జనం ఇప్పటికీ తాజా చేప బాగానే తింటారు. ఇబ్బందంతా దక్షిణ తరావాలో. దేశ జనాభాలో సగానికి పైగా ఆ సన్నటి నేల మీదే ఉంది. అంతమంది తింటుంటే పక్కన పగడపు దిబ్బల చేప ఎంతకాలం తట్టుకుంటుంది? మన చేమదుంప లాంటి బబాయ్‌ని గుంటలు తవ్వి పెంచేవారు, ఆ గుంటల్లోకి ఉప్పునీరు చేరుతోంది.

చిన్న పడవకు అందేంత దూరంలో లోతు నీళ్లలో లంగరేసి తేలే బుంగలు కడితే వాటి కింద సూర చేప చేరుతుంది. పసిఫిక్‌లో చాలా దీవుల్లో ఈ పని జరుగుతోంది. దిబ్బ మీద భారం తగ్గుతుంది, తాజా చేప ఇంటికొస్తుంది. వేట రోజుల డబ్బులో కొంత చట్టప్రకారం వీటికీ, ఐసు ప్లాంట్లకూ కేటాయించాలని నేనంటాను. బిడ్డ తల్లికి రోజూ గుప్పెడు తాజా చేప దక్కడం కంటే ఆ ఖజానాకు పెద్ద పనేముంది?

తీరవాసి:
ఒప్పుకుంటున్నాను, దింపే షరతు మీద నా పట్టు సడలింది. కానీ కేటాయింపు మాత్రం చట్టంలో రాసే ఉండాలి. కిరిబాతిలోని బనాబా దీవిలో ఎరువులకు తవ్విన ఫాస్ఫేటు 1979లో అయిపోయింది. తవ్వుకుపోయినవాళ్లకు మిగిలింది ఎంత, ఆ దీవి వాళ్లకు మిగిలింది ఎంత? ఆ చరిత్ర ఉన్న దేశం చేప విషయంలో మళ్లీ మోసపోకూడదు.

లెక్కల పుస్తకం:
కేటాయింపుకు నేనూ ఒప్పుకుంటాను. ఒక్క సందేహం. తుఫానుకో, దారిన పోయే ఓడ తగిలో బుంగ తాడు తెగితే మళ్లీ కట్టే ఖర్చు ఎవరిది? ఊరి వాళ్లదా, ప్రభుత్వానిదా? మొదటి ఏడాది కట్టి వదిలేస్తే రెండో ఏడాది మళ్లీ డబ్బా చేపే. అమ్మా, మీరు చూసినచోట ఎవరు చేస్తున్నారు ఆ పని?