క్లినికల్స్‌కి వెళ్ళేముందు: నోట్స్‌లో మన పాత అలవాట్లు

ప్రశ్న: అందరికీ నమస్కారం. మాది గుంటూరు. బీఎస్సీ నర్సింగ్ చేసి అమెరికాలో మాస్టర్స్‌కి వచ్చాను. వచ్చే నెల నుంచి హాస్పిటల్లో క్లినికల్స్, అంటే వార్డుల్లో ట్రైనింగ్. మన జీజీహెచ్ (గుంటూరు ప్రభుత్వాసుపత్రి)లో రాసినట్టే ఇక్కడా నోట్స్ రాస్తే సరిపోతుందా? టర్మినాలజీ మళ్ళీ మొదటి నుంచి చదవాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకు చెల్లీ. మాది విజయవాడ, సూర్యారావుపేట. ఇప్పుడు ఇక్కడ అమెరికాలోనే వార్డులో నర్సుగా చేస్తున్నాను. టర్మినాలజీ నీకు వచ్చినదే. చివర ఐటిస్ వస్తే వాపు, ఎక్టమీ అంటే తీసెయ్యడం, ఆటమీ అంటే కోయడం, ఆస్టమీ అంటే బయటికి దారి పెట్టడం, ఇవి ఏ దేశంలోనైనా ఒకటే. హైపర్ (ఎక్కువ), హైపో (తక్కువ) మాత్రం ఫోన్లో ఒకేలా వినపడతాయి కాబట్టి అవతలివాళ్ళ చేత బీపీ నంబరు కూడా చెప్పించుకో.

అసలు జాగ్రత్త పడాల్సింది పొట్టి రాతల దగ్గర. మన చీటీల మీద ఓడీ అంటే రోజుకొకసారి, ఇక్కడ దాన్ని కుడి కన్ను అనుకుంటారు, ఓవర్‌డోస్ అని కూడా అనుకోవచ్చు. బీడీ (రోజుకి రెండుసార్లు), టీడీఎస్ (మూడుసార్లు) బదులు బీఐడీ, టీఐడీ అంటారు. మన కేస్‌షీట్ల మీద కనిపించే కే/సీ/ఓ (నోన్ కేస్ ఆఫ్, అంటే ముందే తెలిసిన జబ్బు) ఇక్కడ చాలామందికి అర్థం కాదు. హాస్పిటళ్ళకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ అనే సంస్థ వాళ్ళు వాడకూడని పొట్టి రాతల లిస్టు ఒకటి పెట్టారు, మొదటి రోజుకి ముందే అది నోటికి రావాలి. ఇన్సులిన్‌కి 'యూ' అని రాస్తే అది సున్నాలా కనపడి 4 యూనిట్లు 40 అయిపోతాయి, యూనిట్ అని పూర్తిగా రాయాలి. రోజుకొకసారి అనడానికి క్యూడీ వద్దు, డైలీ అని రాయాలి. 1.0 లో చుక్క కనపడకపోతే 10, .5 లో కనపడకపోతే 5, అందుకే 1 అనీ 0.5 అనీ రాయాలి. ఇవన్నీ మనుషుల ప్రాణాల మీదకి వచ్చే విషయాలు, దయచేసి తేలిగ్గా తీసుకోకు.

పారాసిటమాల్‌ని ఎసిటమినోఫెన్ అనీ, సాల్బుటమాల్‌ని ఆల్బుటెరాల్ అనీ, అడ్రినలిన్‌ని ఎపినెఫ్రిన్ అనీ అంటారు. తేదీలో నెల ముందు వస్తుంది.

నోట్స్ చాలాచోట్ల సోప్ పద్ధతిలో రాయిస్తారు, లారెన్స్ వీడ్ అనే డాక్టర్ 1960లలో తెచ్చిన పద్ధతి నుంచి వచ్చింది ఇది. పేషెంట్ చెప్పింది (సబ్జెక్టివ్), నువ్వు చూసి కొలిచింది (ఆబ్జెక్టివ్), దాన్నిబట్టి అనుకున్నది (అసెస్‌మెంట్), చెయ్యబోయేది (ప్లాన్), ఈ వరసలో. మొదటి రెండూ కలిపెయ్యకు. పిల్లల దగ్గరికి వచ్చిన మన పెద్దావిడ ఎవరో 'గుండెల్లో గ్యాస్ పట్టేసిందమ్మా' అంటుంది. నువ్వు గ్యాస్ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే తర్వాత చదివేవాళ్ళు కడుపు సంగతి అనుకుంటారు, అది గుండెపోటు అయి ఉండొచ్చు. వెంటనే నీ పైనున్న నర్సుకి చెప్పు. ఎక్కడ పట్టేసింది, ఎప్పటినుంచి, చెయ్యో దవడో లాగుతోందా, చెమటలు పడుతున్నాయా అని అడగాలి, ఆవిడ మాట ఆవిడ మాటగానే రాసి కింద వీటికి చెప్పిన జవాబులు రాయాలి. అయితే నీకు తెలుగు వచ్చు కదా అని దుబాసీ పని నెత్తిన వేసుకోకు, హాస్పిటల్ ఇంటర్‌ప్రిటర్‌ని పిలిపించమను. 'నార్మల్' అని రాసి ఊరుకోవద్దు, ఏం చూశావో రాయి.

ఇంకొకరి జవాబు: అక్క చెప్పినవన్నీ నిజం. నేను ఒక్కటి కలుపుతాను. కాగితం మీద తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు, ఒక్క గీత కొట్టి తేదీ, టైము వేసి సంతకం చెయ్యాలి. ఇంకా గట్టిగా చెప్పేది, అర్థం కాని రిపోర్టు ఫోటో తీసి గుంటూరులో ఉన్న బ్యాచ్‌మేట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టి అడగొద్దు. పేషెంట్ వివరాలు బయటపెట్టడాన్ని ఇక్కడ 1996 నాటి హిపా చట్టం ఒప్పుకోదు, క్లినికల్సే ఆగిపోవచ్చు. డౌట్ ఉంటే నీ ప్రిసెప్టర్‌నే, అంటే వార్డులో నీకు నేర్పే నర్సునే అడుగు, అడిగినందుకు ఎవరూ తక్కువగా చూడరు. చేతి కాగితం మీద పేర్లు, రూమ్ నంబర్లు రాసుకుంటే వార్డు దాటేలోపు ష్రెడర్‌లో వేసెయ్.