సమస్య: “రాతి బొమ్మ కంట రాలె నీరు” (ఆటవెలది)

నిర్వాహకుడు: ఇటలీలోని విచెంజా ఊరి అంచున వల్మరానా ఆయ్ నాని అనే విల్లా ఉంది. నాని అంటే మరుగుజ్జులు. ప్రహరీ గోడ మీద 17 రాతి మరుగుజ్జులు వరసగా నిలబడి ఉంటారు. కథేమిటంటే, ఆ ఇంటి దొరకు పొట్టిగా ఉండిపోయిన కూతురు పుట్టింది. లోపం ఆమెకు తెలియకూడదని ఎత్తైన గోడలు కట్టించి, పనివాళ్లందరినీ మరుగుజ్జులనే పెట్టాడట. ఒకరోజు అటుగా వచ్చిన రాకుమారుణ్ణి చూసి ఆమెకు నిజం తెలిసింది, పైనుంచి దూకేసింది. ఆ దుఃఖానికి పనివాళ్లు రాళ్లైపోయారు. ఈ కథ మీదే పూరించండి.

పద్యప్రియ:
గోడ చాటు పెరిగి కోట దాటని కన్నె
మేడ నుండి చూచె మేటి దొరను
తాను చిన్న దనుచు తాళక దూకంగ
రాతి బొమ్మ కంట రాలె నీరు

నిర్వాహకుడు: గణయతులు సరిపోయాయి, ధార బాగుంది. కానీ “చిన్నది” అనగానే పిల్ల అనే అర్థమే ముందు తడుతుంది. “పొట్టి దనుచు” అంటే అదే గణం, అర్థం సూటిగా ఉంటుంది. ఇంకోటి, ఆ రాతి బొమ్మ ఎవరో పద్యంలో ఎక్కడా లేదు. కథ తెలియనివాళ్లకు సమస్య విడలేదు.

నీలిమేఘం: ఆ లోటు తీర్చాలని నా ప్రయత్నం.

కూలె నమ్మ యనుచు గుండె రాయిగ మారె
గోడ మీద నిలిచె కుబ్జ గణము
వాన జల్లు తడుప వారి బుగ్గల మీద
రాతి బొమ్మ కంట రాలె నీరు

పద్యప్రియ: వానతో సమస్య తీర్చారు, చాలా నచ్చిందండీ! రాయి ఏడవనక్కర్లేదు, చూసేవాళ్లకు ఏడ్చినట్టుంటే చాలు.

నిర్వాహకుడు: నాకూ నచ్చింది. అయితే కుబ్జ అంటే మనకు భాగవతంలోని గూని మనిషే గుర్తొస్తుంది. మరుగుజ్జుకు మన “గుజ్జు” ఉంది కదా. “గుజ్జు గణము” అంటే తెలుగు మాటకు సంస్కృత పదం అతికించిన వైరిసమాసం అవుతుంది కాబట్టి “గుజ్జు గుంపు” అనండి, యతి కూడా నిలుస్తుంది.

తెలుగుబిడ్డ: ఈ బొమ్మలు మొదట పార్కు నిండా అక్కడక్కడా ఉండేవి, గోడ మీదికి తర్వాత చేర్చారు. నాకు అదే దుఃఖంగా తోచింది.

తోట నిండ నున్న మరుగుజ్జు బొమ్మలు
గోడ పైకి చేరి కొలువు దీరె
వెనుక విడిచినట్టి విరుల నీడ తలచి
రాతి బొమ్మ కంట రాలె నీరు

నిర్వాహకుడు: ఊహ కొత్తగా ఉంది! మొదటి పాదంలో మాత్రం “తో”కు “మ”తో యతి కుదరదు. “తోడి బొమ్మల దండు” అని చూడండి.

నీలిమేఘం: ఒక్క మాట. అదే ఇంట్లో 1757లో జాంబాటిస్టా త్యేపొలో అనే చిత్రకారుడు గోడల మీద గ్రీకు పురాణంలోని ఇఫిజీనియా బలి ఘట్టం వేశాడు. కూతుర్ని బలి ఇవ్వాల్సి వచ్చిన అగమెమ్నాన్ అందులో వస్త్రంతో ముఖం కప్పుకుని ఉంటాడు. బయట కథలో తండ్రి కూతుర్ని దాచాడు, లోపలి బొమ్మలో తండ్రి తన ముఖాన్నే దాచుకున్నాడు. కూతురి కోసం పనివాళ్లు ఏడ్చారు సరే, ఆ దొర సంగతి మన పద్యాల్లో ఎవరమూ ఎత్తలేదు.

నిర్వాహకుడు: నిజమే అమ్మా. గడువు రేపటి వరకూ పెంచుతున్నాను. తండ్రి మీద ఒక పూరణ మీరే రాయండి.

తెలుగుబిడ్డ: సవరించాను, ధన్యవాదాలు మాస్టారూ.

తోట నిండ నున్న తోడి బొమ్మల దండు
గోడ పైకి చేరి కొలువు దీరె
వెనుక విడిచినట్టి విరుల నీడ తలచి
రాతి బొమ్మ కంట రాలె నీరు