తిరుపోరూర్ పెళ్లి: కుర్రాళ్ళకో రూలు, నాయకుడికో రూలా?

మాంబలం మూర్తి
పోయిన ఆదివారం మా ఆవిడతో తిరుపోరూర్ మురుగన్ గుడికి వెళ్ళాను. ప్రసాదం తింటూ కూర్చుంటే పూలమ్మే ముసలాయన చెప్పాడు, శ్రీలంకలో తమిళుల దేశం కోసం పోరాడిన తమిళ పులుల దళం ఎల్‌టీటీఈ నాయకుడు ప్రభాకరన్ పెళ్లి ఇక్కడే అయిందని. ఇంటికొచ్చి చూస్తే నిజమే, 1984 అక్టోబర్ 1. నా అనుమానం ఒకటే. దళంలో ప్రేమా పెళ్లీ కూడదని పట్టుబట్టింది ఆయనే కదా. దళంలోనే ఉన్న ఊర్మిళతో సంబంధం పెట్టుకున్నాడని ఇంకో నాయకుడు ఉమామహేశ్వరన్‌ని బయటికి పంపారు, ఆ పగ ముదిరి 1982 మేలో మన చెన్నై పాండీబజార్‌లో తుపాకులు పేలేదాకా వచ్చింది. రెండున్నరేళ్ళు తిరక్కుండానే ఈయన పీటలెక్కాడు. దీన్నేమంటారు?

ఓఎంఆర్ ఐటీ కూలీ
మా మేనేజరూ అంతే సార్. మాకు లీవు లేదు, ఆయన మాత్రం ఊటీలో.

పెరంబూర్ పద్మ
మూర్తి గారూ, సగం చెప్పి వదిలేశారు. ఆయన పెళ్లి చేసుకున్న మతివదని 1984లో జాఫ్నాలో నిరాహారదీక్షకు కూర్చున్న విద్యార్థిని. ఆ పిల్లల్ని పులులు ఎత్తుకొచ్చి చెన్నైలో పులుల సలహాదారు బాలసింగం దంపతుల దగ్గర ఉంచారు, పరిచయం అక్కడే. పెళ్లయ్యాక ఆ రూలు సడలించారు, మిగతావాళ్ళూ చేసుకున్నారు. తనొక్కడికే అట్టిపెట్టుకోలేదు.

మాంబలం మూర్తి
అదేనమ్మా నేనడిగేది. ముందు రూలు మార్చి తర్వాత చేసుకున్నాడా, చేసుకున్నాక మార్చాడా? మీరే అన్నారు, "పెళ్లయ్యాక" అని.

పెరంబూర్ పద్మ
ఆ ఒక్క ముక్క పట్టుకుని వేలాడండి. పెద్ద కొడుకుకి చార్లెస్ ఆంథనీ అని 1983లో చనిపోయిన సహచరుడి పేరు పెట్టుకున్నాడు. ఆ కొడుకూ 2009 మేలో యుద్ధంలోనే పోయాడు. ఇంట్లో దాచుకున్నాడని ఎలా అంటారు?

కోడంబాక్కం కిట్టు
2023లో తమిళ జాతీయవాద నేత నెడుమారన్ గారు ప్రభాకరన్ బతికే ఉన్నాడన్నారు కదా. ఆయన్నే అడగండి :)

మాంబలం మూర్తి
పద్మ గారూ, పెద్ద కొడుకు సంగతి ఒప్పుకుంటా. మరి ఉత్తర లంకలోని వన్నిలో యుద్ధం ఆఖరి రోజుల్లో ఇంటికొకరిని ఇవ్వాల్సిందేనని పిల్లల్ని లాక్కెళ్ళారే, పదిహేనేళ్ళు నిండనివాళ్ళని కూడా? వాళ్ళ అమ్మలకి చెన్నైలో సభలు పెట్టినవాళ్ళెవరైనా ఉన్నారా? ఆయన చిన్నకొడుకు అమ్మానాన్నల దగ్గరుంటే, అదే వయసు పక్కింటి పిల్లాడి మెడలో సైనైడ్ గొట్టం.

పెరంబూర్ పద్మ
చిన్నకొడుకు బాలచంద్రన్, 12 ఏళ్ళు. 2013 ఫిబ్రవరిలో ఆ ఫొటోలు బయటికొచ్చాయి, చూశారా? ఒక దాంట్లో బంకర్‌లో కూర్చుని చేతిలో ఏదో చిరుతిండి పట్టుకుని తింటున్నాడు. ఇంకోదాంట్లో గుండెల్లో తూటాలు. మేం కాదని లంక సైన్యం అంది. ఆ నెల తిరగ్గానే ఇక్కడి లయోలా కాలేజీ పిల్లలు దీక్షకు కూర్చున్నారు. ప్రభాకరన్ తల్లి పార్వతమ్మని, ఎనభై ఏళ్ళావిడ, వైద్యానికని 2010లో వస్తే మన ఎయిర్‌పోర్టులో దిగనివ్వకుండా వెనక్కి పంపారు. మీ లెక్క సరిపోయిందా ఇప్పుడు?

మాంబలం మూర్తి
నేను పిల్లాడు చావాలన్నానా? ఎక్కడన్నాను, చూపించండి. శ్రీపెరుంబుదూర్‌లో రాజీవ్ గాంధీ మీద పెట్టిన బాంబుకి పోయినవాళ్ళకీ పిల్లలున్నారు, వాళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదు మీరు.

ఓఎంఆర్ ఐటీ కూలీ
టి.నగర్ నుంచి తిరుపోరూర్‌కి డైరెక్ట్ బస్సుందా ఎవరికైనా తెలుసా

పెరంబూర్ పద్మ
రాయను, ఎందుకంటే మీరడిగింది పెళ్లి గురించి. చెప్తా వినండి. మాది కరీంనగర్ జిల్లా, పెళ్లయి ఇక్కడికొచ్చాను. మా అన్న ఇంటర్ మధ్యలో అడవిలోకి పోయాడు. నక్సలైట్లలో పెళ్లికి ఒప్పుకునేవారు, పిల్లలు మాత్రం వద్దని మగవాళ్ళకి ఆపరేషన్ చేయించేవారు. రాత్రి ఎవరు తలుపు కొట్టినా మా అమ్మ ముందు లైటు ఆపేసి, ఆ తర్వాతే గడియ తీసేది, వాడే అయితే ఎవరికంటా పడకూడదని. వాడు రాలేదు, కబురొచ్చింది. మీరు మెచ్చుకునే నిఖార్సయిన రూలంటే అదీ. వాడికో బిడ్డ ఉంటే అమ్మ ఇంకో నాలుగేళ్ళు బతికేదేమో. నాయకుడు పెళ్లి చేసుకున్నాడని నాకు కోపం రాదు. చేసుకోవద్దన్నవాళ్ళ మీదే కోపం.

కోడంబాక్కం కిట్టు
పద్మక్కా, సారీ. తెలీదు.

మాంబలం మూర్తి
నాకూ తెలీదమ్మా. చెప్పకూడదనుకున్నాను గానీ చెప్తా. మా నాన్న అంబత్తూర్‌లో ఒక ఫ్యాక్టరీలో యూనియన్ లీడరు. నాలుగు నెలల సమ్మె. ఎవరూ లోపలికి పోకూడదు, ఎవరూ అడ్వాన్సు తీసుకోకూడదు, అంతా ఆయన మాటే. లైన్‌లో పిల్లలందరూ బడి మానేశారు. మా అన్నదమ్ములిద్దర్ని మాత్రం రాత్రికి రాత్రి నెల్లూరులో మేనమామ ఇంటికి పంపేశాడు. నేను చదువుకున్నాను. నా పక్క బెంచీవాడు చదువుకోలేదు.

పెరంబూర్ పద్మ
అంటే ఇప్పటిదాకా తిట్టింది మీ నాన్ననా?

మాంబలం మూర్తి
ఆయన పంపకపోతే ఇవాళ ఇలా కూర్చుని టైప్ చేసేవాణ్ణి కాదు. అదీ తెలుసు.

పెరంబూర్ పద్మ
ఆ పక్క బెంచీ ఆయన ఇప్పుడెక్కడున్నాడు?

మాంబలం మూర్తి
పాడి దగ్గర టీ కొట్టు. నేను వెళ్తే డబ్బులు తీసుకోడు. అందుకే ఆ రోడ్డున వెళ్ళడం మానేశాను.